పాత కారు పెట్రోలు పైపులు: మంట రాకముందే చూసుకోవడం ఎలా

కారు దగ్గరికి వెళ్లగానే పెట్రోలు వాసన తగిలితే, ఆ కారు ఆ రోజు కదలకూడదు. పాత బండి కదా, ఆ మాత్రం వాసన ఉంటుందిలే అని చాలామంది సర్దుకుపోతారు. సరిగా ఉన్న కారుకు, అది ముప్పయ్యేళ్ల నాటిదైనా సరే, పెట్రోలు వాసన ఉండదు. బంకులో పోయించుకున్న కాసేపటి సంగతి వేరు. మిగతా ఏ సమయంలో వాసన వచ్చినా పెట్రోలు ఎక్కడో బయటికి వస్తున్నట్టే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత కార్లు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. మారుతి 800, ఓమ్ని, అంబాసిడర్, తొలినాళ్ల శాంత్రో, ఇండికా వంటివి రాజాం, చీపురుపల్లి రోడ్ల మీద రోజూ కనిపిస్తాయి. మరికొన్ని, యజమాని విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగంలో ఉంటే, ఊళ్లో ఇంటి పక్కన రేకుల షెడ్డులో నెలల తరబడి నిలబడి సంక్రాంతికి ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి. ఇంటిల్లిపాదీ ఎక్కి అరసవల్లికో రామతీర్థానికో బయలుదేరతారు. నా భయం ఎక్కువగా ఈ రెండో రకం కార్ల గురించే. రోజూ నడిచే బండిలో తేడా వస్తే నడిపేవాడికి తెలుస్తుంది. ఆగి ఉన్న బండిలో పైపు చచ్చిపోయినా చెప్పేవాళ్లు ఉండరు.

పైపులు చూసుకోవడానికి ఒక సెలవు రోజు పొద్దున చాలు. చూడటం మీరే చేయగలరు. మార్చడంలో కొంత మీరు చేయవచ్చు, కొంత మెకానిక్కు వదిలేయాలి. ఏది ఎవరి పనో సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

మంట ఎలా అంటుకుంటుంది

పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. మన ఎండల్లో, వేడెక్కిన బానెట్ కింద, కారిన ప్రతి చుక్కా క్షణాల్లో ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోకుండా ఇంజను చుట్టూ, కారు కింద, షెడ్డు నేల మీద పరుచుకుని నిలుస్తుంది. దానికి కావలసింది ఒక్క నిప్పురవ్వ. పగిలిన ప్లగ్గు వైరు, వదులైన బ్యాటరీ టెర్మినల్, ప్లగ్గులకు కరెంటు పంచే పాత డిస్ట్రిబ్యూటర్, ఇవన్నీ నిప్పురవ్వ ఇచ్చేవే. డీజిలు తీరు వేరు. అది అంత సులభంగా ఆవిరి కాదు కానీ, సన్నని తుంపరగా చిమ్మి ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ మేనిఫోల్డు (ఇంజను నుంచి పొగను బయటికి తీసే గొట్టం) మీద పడితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది. డీజిలు బండి కదా అని నిశ్చింతగా ఉండవద్దు.

కార్బురేటర్ కారులో, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పాత రకం భాగం ఉన్న కారులో, పెట్రోలు పంపు ఇచ్చే ఒత్తిడి 3 నుంచి 5 పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే కొలతే) వరకు మాత్రమే. పైపు పగిలితే చుక్కలు చుక్కలుగా కారుతుంది. మన దేశంలో 2000వ సంవత్సరం ప్రాంతంలో యూరో నిబంధనలు వచ్చాక మారుతి 800తో సహా దాదాపు అన్ని పెట్రోలు కార్లూ పెట్రోలును ఒత్తిడితో ఇంజనులోకి చిమ్మే ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో ఒత్తిడి సుమారు 40 పీఎస్ఐ, అంటే టైరులో కొట్టే గాలికన్నా ఎక్కువ. అక్కడ సూదిమొనంత చిల్లు పడినా పెట్రోలు కారదు, పొగమంచులా చిమ్ముతుంది. అందుకే ఇంజెక్షన్ కారులో చిన్న లీకు అనే మాట లేదు.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. ఇంజను ఆపిన వెంటనే బానెట్ కింద వేడి తగ్గదు, పెరుగుతుంది. ఎదురుగాలి ఆగిపోతుంది, నీళ్లు తిరగడం ఆగిపోతుంది, మేనిఫోల్డులోని వేడంతా పక్కనున్న పైపులకు ఎక్కుతుంది. కాబట్టి వాసనను పసిగట్టడానికి సరైన సమయం ప్రయాణం ముగిసిన తరువాతి పది నిమిషాలు. ఇంటికి చేరాక కారు ఆపి లోపలికి వెళ్లిపోకుండా కాసేపు ముందు భాగం దగ్గర నిలబడండి. ఇది అలవాటు చేసుకుంటే సగం ప్రమాదం ముందే పట్టుబడుతుంది.

ఇక్కడ పైపులు త్వరగా ఎందుకు పోతాయి

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి చోట్ల ఉన్న కారుకు ఉప్పుగాలి రాత్రీపగలూ తగులుతూనే ఉంటుంది. కారు అడుగున ట్యాంకు నుంచి ఇంజను దాకా వెళ్లే ఇనుప పైపులను ఆ గాలి తినేస్తుంది. పైనుంచి చూస్తే బాడీకి పెయింటు మెరుస్తూనే ఉంటుంది, అడుగున పైపు పొరలు పొరలుగా ఊడుతుంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానుల నీళ్లలో మునిగిన కార్లయితే మరీ జాగ్రత్త. అప్పుడు క్లిప్పుల సందుల్లో చేరిన బురదను ఎవరూ కడిగి ఉండరు.

రెండోది ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్ల రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు దానికి తట్టుకునేలా వచ్చాయి. అంతకు చాలా ముందు తయారైన కార్ల పైపులు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పాత నైట్రైల్ రబ్బరు ఇథనాల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, కారు నెలల తరబడి ఆగి పైపు ఆరిపోతే ముడుచుకుని పగులుతుంది. పైగా ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి ఫిల్టరు దాకా మోసుకొస్తుంది. ఇప్పుడు మామూలు బంకుల్లో వేరే పెట్రోలు దొరకడం కష్టం కాబట్టి, మార్చాల్సింది పైపులనే.

మూడోది ఎలుకలు. వరి కోతలయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. ఆగి ఉన్న కారు బానెట్ కింద వెచ్చగా ఉంటుంది, గూడు కట్టుకుంటాయి. వైర్లు కొరుకుతాయని అందరికీ తెలుసు. పెట్రోలు పైపులు కూడా కొరుకుతాయి. ఒకే చోట కొరికిన వైరూ కొరికిన పైపూ ఉంటే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

చేయి పెట్టే ముందు

కారును ఆరుబయట, సమతలంగా ఉన్న చోట నిలపండి. ఇంజను పూర్తిగా చల్లారాలి. రాత్రంతా ఆగిన కారును పొద్దున చూడటం అన్నిటికన్నా మంచిది. దగ్గరలో పొయ్యి, దీపం, అగరుబత్తి, బీడీ ఏవీ ఉండకూడదు. షెడ్డులో దేవుడి పటం ముందు దీపం పెట్టే అలవాటు ఉంటే ఆ రోజుకు మానండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి పక్కకు కట్టండి. వెలుతురుకు బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ టార్చి వాడండి. వైరుకు బల్బు వేలాడదీసి ఇంజనులో పెట్టే పద్ధతి వద్దే వద్దు. వేడెక్కిన బల్బు మీద ఒక్క పెట్రోలు చుక్క పడితే గాజు పగులుతుంది, లోపలి తీగ నిప్పు అంటిస్తుంది.

చేతికందే దూరంలో పొడి రకం మంటలార్పే సిలిండరు ఒకటి, బకెట్టు ఇసుక ఒకటి ఉంచుకోండి. కారు కిందికి వెళ్లాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి వెళ్లవద్దు. స్టాండ్లు లేకపోతే గుంట ఉన్న వర్క్‌షాపుకు తీసుకెళ్లి, మెకానిక్ పక్కన నిలబడి చూడండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ట్యాంకు నుంచి ఇంజను దాకా వెతకడం

పెట్రోలు పోసే చోటు నుంచి మొదలుపెట్టండి. మూత లోపలి రబ్బరు వాషరు పగిలిందా, ఊడిందా చూడండి. మూత నుంచి ట్యాంకుకు వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం చాలా కార్లలో కారు పుట్టినప్పటిదే ఉంటుంది. ట్యాంకు నిండా పోయించిన రోజునే వాసన వస్తూ, సగానికి తగ్గాక పోతుంటే అనుమానం ఈ గొట్టం మీద పెట్టుకోండి. వాసన కారు లోపలే వస్తుంటే వెనుక సీటు ఎత్తండి. చాలా ఇంజెక్షన్ కార్లలో అక్కడ ఒక మూత కింద పెట్రోలు పంపు పైభాగం ఉంటుంది. ఆ చుట్టూ దుమ్ము తడిసి నల్లగా అంటుకుని ఉంటే లోపలి వాషరు పోయినట్టే.

తరువాత ట్యాంకు పక్కనే, ఇనుప పైపు మొదలయ్యే చోట ఉండే చిన్న చిన్న రబ్బరు ముక్కలు. ఇవి సాధారణంగా రెండు: ఒకటి ఇంజనుకు వెళ్లేది, మరొకటి మిగిలిన పెట్రోలును వెనక్కి తెచ్చేది. బానెట్ కింద పైపులు మార్చినవాళ్లు కూడా వీటిని వదిలేస్తారు, ఎందుకంటే కారు కిందికి దూరాలి. మెకానిక్‌తో అన్ని పైపులూ మార్చమని చెప్పినప్పుడు ఇవి కూడా ఆ లెక్కలో ఉన్నాయో లేదో విడిగా అడగండి. వెనక్కి తెచ్చే పైపులో ఒత్తిడి తక్కువే కానీ, అందులో ఉండేదీ పెట్రోలే.

అక్కడి నుంచి ఇనుప పైపులు. కారు అడుగున పొడవునా వెళ్తాయి, వాటి పక్కనే బ్రేకు పైపు కూడా ఉంటుంది. బయటికి కనిపించే భాగం బాగానే కనబడుతుంది. అసలు చూడాల్సింది పైపును బాడీకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పుల కింద. ఉప్పు, బురద, తేమ అక్కడే చిక్కుకుంటాయి. క్లిప్పును మెల్లగా విప్పి, తడిగుడ్డతో తుడిచి చూడండి. ఎర్రటి పొడి మాత్రమే ఉండి కింద లోహం నున్నగా ఉంటే ప్రమాదం లేదు, శుభ్రం చేసి రంగు వేయవచ్చు. పొక్కులు లేచి, గోటితో గీరితే పొర ఊడుతుంటే ఆ పైపు పని అయిపోయింది. స్క్రూడ్రైవరు పెట్టి బలంగా గీకి పరీక్షించవద్దు. లోపల ఒత్తిడి ఉన్న పైపుకు మీ చేతులతోనే చిల్లు పడవచ్చు. పెట్రోలు పైపు తినేసిన చోట బ్రేకు పైపు కూడా తినేసి ఉంటుంది, రెండూ ఒకేసారి మార్పించండి. ఈ పని మెకానిక్కుదే. తుప్పు పట్టిన చోట కోసి రబ్బరు ముక్క అతికిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇంజెక్షన్ కారులో అది నిలవదు.

ఇప్పుడు బానెట్ కింద. ఇక్కడ తొందర పనికిరాదు. ఒక్కొక్క రబ్బరు పైపునూ రెండు చివర్లూ పట్టుకుని చూడాలి. మధ్య భాగం చూసి బాగుందనుకోవద్దు, పైపు పోయేది క్లిప్పు పక్కనే. క్లిప్పు అంచు దగ్గర పైపును వేలితో కొద్దిగా వంచండి. నిటారుగా ఉన్నప్పుడు కనిపించని సన్నని నెర్రెలు వంచినప్పుడు నోరు తెరుస్తాయి. మొదట పైపు చుట్టూ గుండ్రంగా వెంట్రుకల్లా ఉంటాయి, తరువాత లోతవుతాయి, చివరికి లోపలి దారపు అల్లిక కనబడుతుంది. అల్లిక కనబడితే ఇక చూడాల్సిందేమీ లేదు. కొన్ని పైపులకు నెర్రెలు ఉండవు, కానీ గట్టిపడతాయి. అలాంటిదాన్ని నొక్కితే ఎండిన చింతకాయ డొల్లలా పెటపెటలాడుతుంది. ఇంకొన్ని ఇథనాల్ తాగి వాచి, నొక్కితే మెత్తగా లోపలికి దిగబడతాయి. మంచి పైపు నొక్కితే కొద్దిగా దిగి, వదలగానే తిరిగి లేస్తుంది. మిగతా మూడు రకాలూ మార్చాల్సినవే.

పాత తెల్ల పంచె గుడ్డ ముక్క ఒకటి తీసుకుని ప్రతి అతుకునూ తుడవండి. పెట్రోలు ఆరిపోయాక తడి ఉండదు కానీ, గోధుమ రంగు జిగురు మరక మిగులుతుంది. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన తెలుస్తుంది. కార్బురేటర్ కిందా, దాని గ్యాస్కెట్ల అంచులా, పెట్రోలు లోపలికి వెళ్లే నట్టు దగ్గరా ఈ మరక తప్పకుండా వెతకండి. డిస్ట్రిబ్యూటరు దగ్గరలోనే ఉంటే మరీ జాగ్రత్త. ఇంజనుకు బిగించిన పాత రకం పంపులో లోపలి డయాఫ్రమ్ (కదిలే పొర) చిరిగితే పెట్రోలు కొన్నిసార్లు బయటికి రాకుండా ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ కడ్డీ తీసి చూడండి. మట్టం పెరిగి, ఆయిల్ పలచబడి, పెట్రోలు వాసన వేస్తుంటే ఆ కారును స్టార్టు చేయవద్దు.

ఇంజెక్షన్ కారులో ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే రైలు అనే గొట్టం ఉంటుంది. ఇంజెక్టర్ల పైనా కిందా ఉండే చిన్న రబ్బరు రింగులు ఏళ్లు గడిచేకొద్దీ చదునై గట్టిపడతాయి. వాటి చుట్టూ తడి, మరక వెతకండి. రైలు మీద ఒత్తిడిని అదుపు చేసే ప్రెషర్ రెగ్యులేటరు ఉంటే దానికి సన్నని గాలి పైపు ఒకటి వెళ్తుంది. దాన్ని ఊడదీసి చూడండి. లోపల పెట్రోలు ఉండకూడదు. ఒక్క చుక్క ఉన్నా రెగ్యులేటరు మార్చాలి. ఇది చాలామంది మెకానిక్కులు కూడా చూడని చోటు.

డీజిలు కార్లలో ఇంజెక్టర్ల మీదుగా వెళ్లే సన్నని గుడ్డ అల్లిక పైపులు ముందుగా పోతాయి. పొద్దున స్టార్టు కావడానికి ఎక్కువసేపు సెల్ఫు కొట్టాల్సి వస్తుంటే వాటిలోంచి గాలి చొరబడుతుండవచ్చు.

గ్యాసు కిట్టు బిగించిన కారయితే గ్యాసు పైపుల జోలికి మీరు పోవద్దు, అధీకృత కేంద్రానికే తీసుకెళ్లండి. పెట్రోలు పైపులు మాత్రం పైన చెప్పినట్టే చూసుకోండి. ఎప్పుడూ గ్యాసు మీదే నడిచే కారులో పెట్రోలు పైపులు ఎండిపోయి ఇంకా ముందే పగులుతాయి.

పైపు కొనేటప్పుడు

ఒక పైపు పోయిందంటే మిగతావి దాని తోబుట్టువులే. అన్నీ ఒకే ఏడు ఒకే కారులో పుట్టాయి. కాబట్టి ఒక్కదాన్ని మార్చి ఊరుకోకండి, రబ్బరు పైపులన్నీ క్లిప్పులతో సహా ఒకేసారి మార్చండి. మొత్తం మీద కారులో అన్నిటికన్నా చవకైన పనుల్లో ఇదొకటి.

దుకాణంలో పెట్రోలు పైపు అని మాత్రమే అడిగితే చేతికందింది కోసి ఇస్తారు. పైపు మీద అచ్చు వేసిన అక్షరాలు చదవండి. కార్బురేటర్ కారుకు ఎస్ఏఈ జె30 (SAE J30, పెట్రోలు పైపుల ప్రమాణం) ఆర్6 లేదా ఆర్7 అని ఉన్నది సరిపోతుంది. ఇంజెక్షన్ కారుకు ఎస్ఏఈ జె30 ఆర్9 కావాలి. అది ఎక్కువ ఒత్తిడికి తట్టుకుంటుంది, లోపలి పొర ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో రబ్బరుతో వస్తుంది. కార్బురేటర్ కారుకు కూడా ఆర్9 వేసుకుంటే ఇంకా మంచిది, ఖర్చు కాస్త ఎక్కువైనా. ట్యాంకు లోపల మునిగి ఉండే పైపుకు మాత్రం ఆర్10 అనే వేరే రకం ఉంది. బయటి పైపు బయట నుంచి పెట్రోలు తగలడానికి తయారు చేసినది కాదు, లోపల వేస్తే కొద్ది నెలల్లో కరిగిపోతుంది. ఏ అచ్చూ లేని నల్ల పైపు, మోటారు సైకిలుకు వేసే పారదర్శక గొట్టం, నీటి గొట్టం ఎంత గట్టిగా కనిపించినా వద్దు. లారీల పనికి పేరున్న సాలూరులో మంచి డీజిలు పైపులు దొరుకుతాయి. అవి లారీకి సరే, పెట్రోలు ఇంజెక్షన్ కారుకు కాదు. మీ పట్టణంలో సరైనది దొరక్కపోతే కారు కంపెనీ విడిభాగాల దుకాణంలో అడగండి, లేదా విశాఖ నుంచి తెప్పించండి. ఒక వారం కారు ఆగినా నష్టం లేదు.

పాత పైపు ముక్క ఒకటి వెంట తీసుకెళ్లి లోపలి వ్యాసం సరిచూడండి. వదులుగా ఉన్న పైపును క్లిప్పుతో బిగించి సరిపెట్టవచ్చని అనుకోవద్దు.

క్లిప్పుల విషయంలో పట్టుదలగా ఉండండి. పట్టీ మీద గాట్లు కోసి ఉన్న చవక క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరును కోస్తుంది. పట్టీ నున్నగా, అంచులు పైకి మడిచి ఉండే రకం అడిగి తీసుకోండి. బైండింగు తీగతో బిగించడం, సైకిలు ట్యూబు ముక్క చుట్టడం, టేపు, సీలు ముద్ద, ఇవేవీ పెట్రోలు ముందు నిలవవు. దారిలో చెడిపోయి ఇంటికి చేరడానికి కూడా అవి వద్దు. చెయిన్ కట్టి లాగించుకుని వెళ్లండి.

మార్చడం

కార్బురేటర్ కారులో బానెట్ కిందున్న పైపులను స్పానరు పట్టిన అలవాటున్న ఎవరైనా మార్చుకోవచ్చు. ఇంజెక్షన్ కారులో ముందు ఒత్తిడి దించాలి. పెట్రోలు పంపు ఫ్యూజు గానీ రిలే గానీ తీసి, ఇంజను స్టార్టు చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడవనివ్వండి. ఆ తరువాత రెండు మూడు సెకన్లు సెల్ఫు కొట్టి, తాళం తీసేసి, బ్యాటరీ ఊడదీయండి. ఇంజను మళ్లీ చల్లారేదాకా ఆగండి. అప్పటికీ అతుకు చుట్టూ గుడ్డ చుట్టే విప్పండి, కొంత పెట్రోలు తప్పకుండా వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. ఈ వరుసలో ఏ ఒక్క మాటైనా మీకు కొత్తగా అనిపిస్తే ఇది మెకానిక్ చేతికి ఇవ్వాల్సిన పని.

గట్టిపడిన పాత పైపును పట్టుకుని లాగవద్దు. కార్బురేటరు ముక్కు, అంటే పైపు తొడిగే చిన్న గొట్టం, ఇత్తడిదైనా ప్లాస్టిక్‌దైనా విరిగి చేతిలోకి వస్తుంది. పైపును పొడవుగా బ్లేడుతో చీల్చి, ఒలిచి తీయండి, బ్లేడు కింది ముక్కును గీరకుండా చూసుకోండి. కారే పెట్రోలును రేకు డబ్బాలో పట్టి మూత పెట్టండి. సీసాలోనో ప్లాస్టిక్ మగ్గులోనో వద్దు, మురికి కాలువలో పారబోయడం అంతకన్నా వద్దు.

కొత్త పైపును పదునైన బ్లేడుతో నిటారుగా కోయండి. ముక్కు మీదికి కనీసం ఒక అంగుళం లోపలికి వెళ్లాలి. క్లిప్పు, ముక్కు చివర ఉండే ఉబ్బుకు లోపలి వైపున పడాలి. రబ్బరు క్లిప్పు అంచుల్లో కొద్దిగా ఉబ్బేదాకా బిగించి ఆపండి. పైపు ఎక్కడా మేనిఫోల్డుకు అరచేయి వెడల్పు కన్నా దగ్గరగా రాకూడదు, ఏ అంచుకూ రాసుకోకూడదు, మెలిక పడకూడదు. ఫిల్టరు కూడా ఇప్పుడే మార్చండి, దాని మీది బాణం ఇంజను వైపు చూడాలి.

పెట్రోలు తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకుండా ఆరుబయట దండెం మీద ఆరనివ్వండి.

స్టార్టు చేసే ముందు

బ్యాటరీ కలిపి, తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇంజెక్షన్ కారులో పంపు ఆ కాసేపు నడిచి పైపుల్లో ఒత్తిడి నింపుతుంది. ఇలా నాలుగైదు సార్లు చేసి, ఇంజను తిప్పకుండానే ప్రతి అతుకునూ పొడి తెల్లగుడ్డతో తుడిచి చూడండి. పొడిగా ఉంటేనే స్టార్టు చేయండి. పది నిమిషాలు నడిచాక మరోసారి, మర్నాడు పొద్దున చల్లని ఇంజను మీద ఇంకోసారి, వారం తిరిగాక మళ్లీ చూడండి. కొత్త రబ్బరు వేడికి కాస్త సర్దుకుని క్లిప్పు వదులు కావచ్చు.

మార్చిన తేదీ, కిలోమీటర్లు కాగితం మీద రాసి బానెట్ లోపల అతికించండి. మళ్లీ ఎప్పుడు అంటే, నేను అయిదేళ్లు చెబుతాను. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా అయిదేళ్లకొకసారే వస్తుంది కనుక, ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లే ముందు పైపులు మార్చడం అలవాటు చేసుకుంటే మరచిపోరు.

నిప్పు ఇచ్చేవి కూడా

పైపులు బాగున్నా వైరింగు మీద ఒక కన్ను వేయండి. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన హారను వైరు, అదనపు లైట్ల వైరు పెట్రోలు పైపు పక్కగా వెళ్తుంటే వేరు చేయండి, ఫ్యూజు వేయించండి.

మన ఊళ్లలో చలికాలంలో ఉలవ, మినుము, పెసర మొక్కలు నూర్పిడికి రోడ్డు మీద పరుస్తారు. వాటి మీదుగా కారు వెళ్తే ఆ ఎండు కంప ఇరుసుకు చుట్టుకుని, సైలెన్సరుకు తగిలి అంటుకుంటుంది. అడుగున పెట్రోలు తడి ఉన్న కారుకు అది ఇంకా ప్రమాదం. పక్కనుంచి వెళ్లే దారి ఉంటే అలాగే వెళ్లండి, లేకపోతే దాటాక ఆగి కిందికి వంగి చూసి లాగేయండి. గడ్డివాము పక్కన, తాటాకు పందిరి కింద కారు నిలపవద్దు.

మంట వస్తే

ఒకటి లేదా రెండు కిలోల ఏబీసీ పొడి సిలిండరు, ఐఎస్ఐ గుర్తు ఉన్నది, డ్రైవరు సీటు దగ్గర బిగించి ఉంచండి. డిక్కీలో పెడితే అవసరానికి అందదు. ముల్లు పచ్చగీతలో ఉందో లేదో నెలకొకసారి చూడండి, లోపలి పొడి గడ్డకట్టకుండా అప్పుడప్పుడు తలకిందులు చేసి ఊపండి.

నడుస్తుండగా ఘాటైన వాసన గానీ పొగ గానీ వస్తే ఇంటిదాకా లాగుదామనుకోవద్దు. ఎడమకు ఆపి, తాళం తిప్పి ఇంజను ఆపండి, పంపు కూడా ఆగుతుంది. వెనుక తలుపులకు పిల్లల తాళం వేసి ఉంటే లోపలివాళ్లు తెరవలేరు, కాబట్టి మీరు దిగి బయట నుంచి తెరవాలి. అందరినీ గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపుకు, కనీసం వంద అడుగుల దూరానికి పంపండి. సామాను కోసం ఎవరూ వెనక్కి రాకూడదు. 101కి గానీ 112కి గానీ ఫోను చేయండి. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది.

పొగ బానెట్ కింద నుంచే వస్తుంటే దాన్ని పూర్తిగా ఎత్తవద్దు. గాలి తగలగానే మంట ముఖం మీదికి లేస్తుంది. లోపలి మీట లాగి, బానెట్ కొద్దిగా లేచిన సందులోంచి పొడిని మంట మొదలుకు కొట్టండి. నీళ్లు పోయవద్దు, పెట్రోలు నీటి మీద తేలి మంటను కారు కిందికి పరుస్తుంది. ఒక సిలిండరుతో ఆరకపోతే వదిలేసి దూరం జరగండి. ఆరిపోయినా వెంటనే బానెట్ తెరవకండి, మళ్లీ తాళం తిప్పకండి. అరగంట ఆగి, బ్యాటరీ ఊడదీసి, కారును లాగించుకునే తీసుకెళ్లండి.